‘గ్యాస్ కొట్టిస్తే చాలు’ అంటే ఏంటి?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒక పాత ఫ్రిజ్ చూశాను. ‘సింగిల్ డోర్, 190 లీటర్లు, నీట్ కండిషన్, సింగిల్ హ్యాండ్, గ్యాస్ కొట్టిస్తే చాలు, 4,500 ఫైనల్’ అని పెట్టారు. పాలు విరిగిపోతున్నాయి, బాబుతో టెన్షన్‌గా ఉంది. గ్యాస్‌కి ఎంతవుతుంది? తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తొందరపడకమ్మా. ఇరవై ఏళ్లుగా ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాను. ఈ ‘గ్యాస్ కొట్టిస్తే చాలు’ అన్న మాట చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది. అమ్మేవాళ్లకు ఆ మాట నేర్పింది మా మెకానిక్‌లే. ఫ్రిజ్‌లో గ్యాస్ బండిలో పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. దాన్ని మూయకుండా ఎన్నిసార్లు కొట్టించినా మళ్లీ పోతుంది.

పోయిన వేసవిలో ఒకరింటికి వెళ్లాను. అదీ ఇలాంటి ప్రకటన చూసి కొన్నదే, రెండుసార్లు గ్యాస్ కొట్టించారట. ఫ్రీజర్‌లో టార్చ్ వేసి చూస్తే అడుగున శనగగింజంత బూడిదరంగు ముద్ద కనిపించింది. ఎం-సీల్! చుట్టూ కత్తి గీతలు. గడ్డకట్టిన ఐస్‌ని ఎవరో కత్తితో పొడిచారు. సింగిల్ డోర్‌లో ఆ అల్యూమినియం రేకులోనే గ్యాస్ తిరిగే దారులుంటాయి, చిల్లు పడితే ఇక అంతే. ఆ ఇంటావిడ పొదుపు సంఘం అప్పుతో కొన్నారు. ఆవిడ ముఖం చూసి రిపేరు డబ్బులు అడగలేకపోయాను.

‘నీట్ కండిషన్’ అన్నారంటే తలుపు మీద గీతలు లేవని, అంతే. ‘సింగిల్ హ్యాండ్’ అంటే ఒకరే వాడారని. పదిహేనేళ్లు వాడినా ఒకరే కదా! స్టార్ లేబుల్ మీద సంవత్సరం ఉంటుంది, దాని ఫొటో అడుగు. ఫ్రీజర్ లోపల లైటు వేసి తీసిన ఫొటో కూడా పంపమను.

ఇది వద్దనుకుని వేరేది చూడ్డానికి వెళ్తే, ముందురోజు రాత్రే ఆపేసి ఉంచమని చెప్పు. నీ ఎదురుగా ఆన్ చేయించి గంటసేపు కూర్చో. ఫ్రీజర్ అంతా సమానంగా చల్లబడాలి. ఒక మూలే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ తక్కువుందని అనుమానించు. ఇంటికి తెచ్చేటప్పుడు నిలబెట్టే తీసుకురా. పడుకోబెట్టి తేవాల్సి వస్తే నాలుగైదు గంటలు నిలబెట్టి ఉంచాకే ప్లగ్ పెట్టు. అప్పటిదాకా బాబు పాలు ఏ పూటకాపూట తెప్పించుకో తల్లీ.