మనిషి బొమ్మ నేల మీద నిలబడాలంటే

నల్లగొండ

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం.

నువ్వు ఫోన్లో పంపిన పదకొండు బొమ్మలూ చూశాను. ఆ చిన్న తెర నా కళ్లకు ఆనక, జిరాక్సు దుకాణంలో పెద్ద కాగితాల మీద అచ్చు తీయించుకుని, వాటిని గోడకు ఆనించి, గది ఈ చివర కూర్చుని చూశాను. ముఖాల్లో పోలిక బాగా పట్టావు, పెన్సిలు మీద అదుపు కూడా వచ్చింది. కానీ నీ మనుషులెవరూ నేల మీద నిలబడినట్లు లేరు. చిలక్కొయ్యకు తగిలించిన చొక్కాల్లా వేలాడుతున్నారు. ఇలా ఎందుకవుతున్నదని అడిగావు, ఫోటో చూసి గీస్తే అది మోసమవుతుందా అని కూడా అడిగావు.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి ముందు అదే చెబుతాను. మోసం కాదు. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు పరుగెత్తే గుర్రాన్ని వరుస ఫోటోలు తీసేదాకా, ఎంతోమంది పేరున్న చిత్రకారులు కూడా ముందుకాళ్లు ముందుకూ వెనుకకాళ్లు వెనక్కూ చాపి గాలిలో తేలే గుర్రాలనే వేశారు. నాలుగు గిట్టలూ ఒకేసారి నేలను విడిచే మాట నిజమే గానీ, అది కాళ్లు కడుపు కిందికి ముడుచుకున్న క్షణంలో జరుగుతుందని ఆ ఫోటోలు చూపించాయి. తరువాత ఆయన నడిచే, మెట్లెక్కే, బరువులు మోసే మనుషులను కూడా అలాగే తీసి 1887లో 781 ఫోటో పుటలుగా వెలువరించాడు. చిత్రకారులు ఈనాటికీ వాటిని ముందు పెట్టుకుని గీస్తున్నారు. తెలియనిదాన్ని చూసి తెలుసుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే చూసినప్పుడు ఏం చూస్తున్నావన్నది వేరే సంగతి, నీ మొదటి ప్రశ్న అక్కడే ఉంది.

దానికి జవాబుగా నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి. డ్రాయింగు మాస్టరు ఉద్యోగం రాకముందు నేను గడియారం స్తంభం దగ్గర ఒక బోర్డుల దుకాణంలో పనిచేసేవాణ్ని. ఒకరోజు మునుగోడు వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడ, ఆ ఏడే పోయిన తన భర్త పాస్‌పోర్టు సైజు ఫోటో తెచ్చి, ఆయనది నిలువెత్తు బొమ్మ వేసిమ్మని అడిగింది. ఫోటో మీద గళ్లు కొట్టి, ముఖాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా పెద్దది చేశాను. మెడ కింది భాగానికి మాత్రం ఏ ఆధారమూ లేక, గోడ మీది క్యాలెండరులోని ఒక నాయకుడి నిలువు బొమ్మను చూసి శరీరం అతికించాను. ఆమె వచ్చి చాలాసేపు చూసి, "మొఖం ఆయనదే సారూ, నిలబడ్డ తీరు ఆయనది గాదు" అన్నది. ఆయన గీత కార్మికుడట. నలభై ఏళ్లు మోకు మీద బరువు వేసి తాటిచెట్లెక్కిన మనిషి నేల మీద కూడా మోకాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, భుజాలు ముందుకు వంచి, పాదాల బయటి అంచుల మీద బరువు వేసి నిలబడేవాడట. మాటలతో చెప్పలేక ఆమే దుకాణం మధ్యలో చెంగు దోపుకుని అలా నిలబడి చూపించింది. ఆ క్షణాన చేతిలో ఉన్న చాక్‌పీసుతో నేల మీదైనా ఆ భంగిమను గీసుకోవలసిన వాణ్ని, సిగ్గుతో తల వంచుకున్నాను. అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాం.

అందుచేత నీకు నేను ఇచ్చే మొదటి సలహా ఇది: ఏ ఫోటో ముందు కూర్చున్నా, ఏ మనిషి ఎదుట కూర్చున్నా, ముఖం వైపు చూడకముందే ఈ శరీరం బరువు ఎక్కడ దిగుతున్నదని చూడు. మేస్త్రీ గోడ నిలువు చూడడానికి గుండు కట్టిన దారం వేలాడదీస్తాడు కదా, అలాంటి దారాన్ని మెడ కింది గుంట నుంచి ఊహలో వదులు. ఒంటికాలి మీద బరువు వేసి ఊరికే నిలబడిన మనిషిలో ఆ దారం ఇంచుమించుగా బరువు మోస్తున్న కాలి చీలమండ దగ్గరికి వస్తుంది. రెండు కాళ్ల మీదా సమానంగా నిలబడితే పాదాల మధ్యకు వస్తుంది. బరువు మోసే కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, దానికి సరిపెట్టుకోవడానికి అదే వైపు భుజం కిందికి దిగుతుంది. భుజాలకు ఒక గీత, తుంటికి ఒక గీత గీస్తే అవి రెండూ ఎదురెదురుగా వాలి ఉంటాయి. నీ బొమ్మల్లో ఈ రెండు గీతలూ ప్రతిచోటా బడిబల్లల్లా సమాంతరంగా ఉన్నాయి, మనుషులు వేలాడుతున్నది అందుకే.

నీ నాలుగో బొమ్మనే తీసుకో, బోరింగు దగ్గర బిందె చంకన పెట్టుకున్న ఆవిడది. బిందె ఎడమ వైపున ఉన్నప్పుడు నడుము ఎడమకు నెట్టుకుని వస్తుంది, పైశరీరం కుడికి వాలుతుంది, ఖాళీగా ఉన్న కుడిచేయి తూకం కోసం శరీరానికి దూరంగా జరుగుతుంది. అలా వాలకపోతే నీళ్లున్న బిందె ఆమెను ఎడమకు లాగేస్తుంది. నువ్వు బిందె మీది మెరుపుకు ఒక పూట ఖర్చు పెట్టినట్లున్నావు, కానీ ఆవిడ వెన్నెముకను స్కేలు పెట్టి గీసినట్లు గీశావు, కాబట్టి చూసేవారికి ఆ బిందె ఖాళీదనిపిస్తుంది. మీ వీధిలోనే ఎవరినైనా బిందెతో నడుస్తుండగా నాలుగు రోజులు చూసి, ఒక్కో భంగిమకు అర నిమిషానికి మించకుండా, తల నుంచి పాదం దాకా ఒకే వంపు గీతతో మొదలుపెట్టి ఇరవై బొమ్మలు గీయి. వాటిలో వేళ్లూ ముక్కూ ఏవీ అక్కరలేదు. ఇలాంటి త్వరిత రేఖలు చూడడానికి పిచ్చిగీతల్లా ఉంటాయని మీ అమ్మ నవ్వుతుంది, నవ్వనీ.

కొలతల విషయంలో పెద్దగా బెంగపడకు. ఎదిగిన మనిషి ఎత్తు సగటున తన తల ఎత్తుకు ఏడున్నర రెట్లు ఉంటుంది, బొమ్మ హుందాగా ఉండాలని చిత్రకారులు చాలాసార్లు ఎనిమిది రెట్లు చేస్తారు. అప్పుడే పుట్టిన శిశువు నాలుగు తలలే ఉంటుంది, పిల్లల బొమ్మలు మరుగుజ్జు పెద్దల్లా వచ్చేది ఇది మరిచిపోవడం వల్లనే. నిలబడిన మనిషికి సగం నాభి దగ్గర వస్తుందని చాలామంది అనుకుంటారు గాని అది దాదాపు గజ్జల దగ్గర వస్తుంది. కళ్లు నుదుటి మీదికి ఎక్కవు, తల ఎత్తుకు సరిగ్గా నడుమ ఉంటాయి. చేయి కిందికి వదిలితే మణికట్టు గజ్జల మట్టానికి, వేళ్ల కొనలు తొడ నడిమికి వస్తాయి. లోపలి చీలమండ ఎముక బయటిదానికంటే కొంచెం ఎత్తున ఉంటుంది, ఈ ఒక్కటి సరిచేసుకుంటేనే నీ పాదాలు సగం బాగుపడతాయి.

ఇక ఫోటోల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీ కష్టంలో సగం నీ ఫోన్ తెచ్చిపెట్టిందే. ఫోన్‌లోని మామూలు కెమెరా వెడల్పుగా చూసే కన్ను గలది, కాబట్టి దగ్గరగా నిలబడి తీస్తే దానికి దగ్గరగా ఉన్నదల్లా ఉబ్బిపోతుంది, దూరంగా ఉన్నది కుంచించుకుపోతుంది. నువ్వు నిలబడి నీ కంటి ఎత్తు నుంచి తీసిన మీ తాతయ్య ఫోటోలో తల పెద్దదై కాళ్లు పొట్టివయ్యాయి. నువ్వు దాన్ని గళ్లు కొట్టి నిజాయితీగా ఎక్కించావు, కాబట్టి తప్పు కూడా నిజాయితీగానే ఎక్కింది. ఇకమీదట పది పన్నెండు అడుగులు వెనక్కి జరిగి, రెండింతల జూమ్ పెట్టి, ఫోన్‌ను ఎదుటి మనిషి నడుము ఎత్తులో నిటారుగా పట్టుకుని తీయి. ఫ్లాష్ వేయకు, అది నీడలను తుడిచేసి ముఖాన్ని పళ్లెంలా చేస్తుంది. ఉదయం పూట ఒకే తలుపు తీసిన గదిలో వెలుగు ఒక పక్క నుంచి పడేలా కూర్చోబెడితే, ఎముక ఎక్కడ పొడుచుకొచ్చిందో, కండ ఎక్కడ మలుపు తిరిగిందో నీడే చెబుతుంది. ఒకే భంగిమను ముందు నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి మూడు ఫోటోలు తీసుకుంటే, ముందు ఫోటోలో అర్థం కాని మోచేయి పక్క ఫోటోలో అర్థమవుతుంది. అన్నింటికంటే ముందు వారిని అడిగి తీయి. ఇంటర్నెట్‌లో దొరికే అందమైన ఫోటోల్లో చర్మాన్ని నున్నగా చేసేసి ఉంటారు, పైగా అవి ఎవరో ఒకరి సొత్తు. వాటి మీద అభ్యాసం చేస్తే చేయి గాని, నీ బొమ్మ అని చూపించుకోకు.

గళ్ల పద్ధతి వద్దని అనను, నా కడుపు నింపిన పద్ధతి అది. కానీ అందులో ఒక్కో గడిని విడిగా చూసి నింపుతాం కనుక మొత్తం మనిషి కంటికి ఎప్పుడూ కనిపించడు, వంద బొమ్మలు వేసినా నూటొకటో బొమ్మకు మళ్లీ గళ్లే కావాలి. దానికి బదులు వారానికి మూడు రోజులు ఇలా చేసి చూడు. ఫోటోను ముందు పెట్టుకుని మొదట ఆ ఒకే వంపు గీత, తరువాత పక్కటెముకల గూడును కోడిగుడ్డులా, తుంటిని వాలిన పెట్టెలా, తలను మరో గుడ్డులా పెట్టి, వాటికి కాళ్లూ చేతులూ గొట్టాల్లా కలుపు. చేతిని పూర్తిగా చాచి, మోచేయి వంచకుండా, ఒక కన్ను మూసి పెన్సిలుతో తల ఎత్తు కొలిచి మిగతాదంతా దానితో సరిచూడు. శరీరాల మధ్య మిగిలే ఖాళీలను, అంటే నడుముకూ మోచేతికీ మధ్య ఏర్పడే ఆ ముక్కోణం లాంటి వాటిని, వస్తువుల్లా చూసి గీయి. చేయి ఎలా ఉండాలో మనసుకు ముందే ఒక అభిప్రాయం ఉంటుంది గాని ఖాళీ గురించి ఉండదు. ఇది అరగంట. ఆ తరువాత ఫోటోను బోర్లించి, కొత్త కాగితం మీద అదే భంగిమను జ్ఞాపకం నుంచి గీయి. చాలా ఘోరంగా వస్తుంది. అప్పుడు ఫోటో తిప్పి, తప్పిన చోట్లను ఎర్ర పెన్సిలుతో దిద్దుకో. నేను సర్వీసులో ఉండగా పిల్లలకు చూసి గీసే పని చేయించాను గాని ఈ మూసి గీసే పని చేయించలేదు, అది నా లోపం. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ప్రవేశ పరీక్షలో జ్ఞాపకం నుంచి గీయడం కూడా అడుగుతారు కాబట్టి నీకు ఆ విధంగానూ పనికొస్తుంది.

వంగిన మనిషి గురించి ఒక మాట. నాట్లు వేసే ఆడవారిని మీరంతా నడుము దగ్గర విరిచి గీస్తారు. ఈ వానాకాలం గట్టు మీద నిలబడి చూడు: మడత పడేది నడుములో కాదు, తొడ తుంటిలో అమరే కీలు దగ్గర. వీపు దాదాపు చదునుగా, కొద్ది వంపుతో ముందుకు వస్తుంది, పిరుదులు మడమల కంటే వెనక్కి జరుగుతాయి. అలా జరగకపోతే మనిషి ముందుకు బురదలో పడుతుంది. ఆ వెనక్కి జరగడాన్ని గీయగలిగితే, ముఖం కనిపించకపోయినా అది పనిచేసే మనిషి అని తెలిసిపోతుంది. గుంట మగ్గం మీద కూర్చున్న నేతగాడిని గీయాలనుకుంటే పుట్టపాకకో పోచంపల్లికో పోయి కూర్చో; నీ వైపుకే వచ్చే తొడ పొడవు కాగితం మీద రెండు అంగుళాలు కూడా ఉండదంటే నమ్మబుద్ధి కాదు, నమ్మి గీయాలి.

చీర మడతలు శరీరాన్ని దాచవు, ఎక్కడ బిగువుగా ఉన్నదో అక్కడి నుంచే పుడతాయి: భుజం, తుంటి, ముందుకు వచ్చిన మోకాలు. ఈసారి హైదరాబాదు పోతే సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా ముందు ఒక గంట కూర్చో. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్న ఆ పాలరాతి బొమ్మలో పలుచని బట్ట కింద ముక్కూ పెదవీ ఎలా తెలుస్తున్నాయో చూసి గీసుకో, ఫోటోలు తరువాత తీసుకోవచ్చు. నీడలు వేయడం గురించి ఇప్పుడేమీ చెప్పను. కళ్లు సగం మూసి చూసి వెలుగు, నడిమి రంగు, చీకటి అనే మూడింటినే గుర్తుపట్టు, అది చాలు. పెన్సిళ్లు కూడా మామూలు హెచ్‌బీ ఒకటి, మెత్తగా నల్లగా గీసే 4బీ ఒకటి ఉంటే సరిపోతుంది, కాగితం మాత్రం చవకది ఎక్కువగా కొనుక్కో.

గుడి శిల్పాలను చూసి నేర్చుకోవచ్చా అని ఒకసారి అడిగావు, జాగ్రత్తగా నేర్చుకోవచ్చు. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయంలో గాని, అలంపురం నవబ్రహ్మ ఆలయాలలో గాని ఉన్న శిల్పాలు తాళమానం, అంటే శిల్పుల పాత కొలతల పద్ధతి ప్రకారం చెక్కినవి. అక్కడ కొలత నుదుటి జుట్టు అంచు నుంచి గడ్డం దాకా ఉన్న ముఖం, మనం చెప్పుకునే పూర్తి తల కాదు, కాబట్టి నవతాళమంటే తొమ్మిది తలలని పొరపడకు. ఆ సన్నని నడుమును మన పక్కింటావిడకు పెడితే అబద్ధమవుతుంది. కానీ త్రిభంగంలో తల ఒక వైపు, మొండెం దానికి ఎదురు వైపు, తుంటి మళ్లీ తల వైపే ఒరిగి కూడా ఆ బొమ్మ పడిపోకుండా ఎలా నిలిచిందో చూడడానికి అంతకంటే మంచి చోటు మన జిల్లాలలో లేదు. మన కాలంలో అయితే కదిరేనిగూడెంలో పుట్టిన చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ బొమ్మల్లోని పల్లె మనుషులను చూడు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు బిందెల బొమ్మలు ఇరవయ్యీ, ఫోటో మూసి గీసినవీ, ఎర్ర పెన్సిలు దిద్దుళ్లతో సహా తీసుకురా. చెడిపోయాయని ఏ ఒక్కటీ చించకు. వచ్చిన మరునాడు పొద్దున్నే, ఎండ గోడల మీద ఏటవాలుగా పడే వేళకు పానగల్లు పోదాం. నీతోపాటు నేనూ గీస్తాను.

ఇట్లు,
మీ మామ