ఆయిల్ తెల్లబడిన బండి గురించి అల్లుడికి

జయపురం

అల్లుడూ,

సుంకి ఘాటీ ఎక్కుతుంటే హీటు ముల్లు పైకెళ్ళిందనీ, ఆయిల్ పుల్ల తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగు కనబడిందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బండి పక్కన పెట్టి మంచి పని చేశావు. ఇక కదపకు. నీళ్ళు కలిసిన ఆయిల్ బేరింగులని కాపాడదు. సాలూరు దాకా దిగుడే కదా, ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దించేద్దామని కూడా అనుకోకు. బ్రేకులకి గాలి నింపేది ఆ ఇంజినే. టోయింగ్ బండి పిలిపించు.

వేడి తగ్గకుండా రేడియేటర్ క్యాపు ముట్టుకోకు.

దొరికిన మేస్త్రీ చూడగానే "హెడ్ గ్యాస్‌కెట్ పోయింది, హెడ్ ఎత్తేద్దాం" అంటాడు. కావచ్చు, ఇంజిన్ పైమూత అయిన హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య నీళ్ళు, ఆయిల్ కలవకుండా ఆపే రేకే అది. కానీ పాత ఇంజిన్లో నీళ్ళు ఆయిల్లోకి వచ్చే దారులు ఇంకా ఉన్నాయి: నీళ్ళతో ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్, లైనర్ల (పిస్టన్లు ఆడే గొట్టాల) కింది రబ్బరు రింగులు, హెడ్ పగుళ్ళు. రేడియేటర్లో నల్లగా ఆయిల్ తేలుతోందా చూడు. తేలితే నా అనుమానం మొదట కూలర్ మీదే. బండి నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ నీళ్ళ ప్రెషర్ కన్నా ఎక్కువ కాబట్టి ఆయిల్ నీళ్ళలోకి పోతుంది. ఇంజిన్ ఆపాక నీళ్ళు ఎదురు తిరిగి ఆయిల్లోకి వస్తాయి. కూలర్ విప్పించి, ఒక వైపు మూసి గాలి పట్టించి, నీళ్ళ తొట్టిలో ముంచితే బుడగలు చెబుతాయి. హెడ్ ఎత్తే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత?

కూలర్ బాగుంటే డీజిల్ చిమ్మే నాజిల్స్ తీయించి, ఇంజిన్ చేత్తో తిప్పించు. ఈ పని కాకముందు సెల్ఫ్ కొట్టనివ్వకు. పిస్టన్ మీద నీళ్ళు నిలిచి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నాజిల్ కన్నంలోంచి నీళ్ళు చిమ్మితే గ్యాస్‌కెట్టో, హెడ్డో. చిమ్మకపోతే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ దించి, రేడియేటర్‌కి చేతిపంపుతో క్యాపు మీద రాసినంత ప్రెషర్ ఎక్కించి, కింద పడుకుని ఓపిగ్గా చూడండి. లైనర్ అడుగునుంచి చుక్కలు పడితే రింగులు పోయినట్టే.

ఆయిల్ పోసే మూత లోపల మాత్రమే తెల్ల నురగ ఉండి, పుల్ల శుభ్రంగా ఉంటే అది చలికాలపు చెమ్మ. నీది అలా లేదు.

వేడెక్కడం వల్ల గ్యాస్‌కెట్ పోయిందా, నీళ్ళు తగ్గిపోయి వేడెక్కిందా అన్నది తేల్చకుండా రిపేరు ముగించొద్దు. రేడియేటర్ జల్లెడల్లో దుమ్ము, వదులైన బెల్టు, మూసుకుపోయిన థర్మోస్టాట్, అరిగిన క్యాపు రబ్బరు, అన్నీ చూడాలి. 900 మీటర్ల ఎత్తులో నీళ్ళు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. ప్రెషర్ ఉంటే ఇంకా ఎక్కువ వేడికి గానీ మరగవు. కొరాపుట్ వైపు తిరిగే బండికి ప్రెషర్ పట్టే క్యాపు ఎందుకు కావాలో ఇప్పుడు అర్థమవుతుంది కదా. బోరు నీళ్ళు పోయకు, లోపల గార కడుతుంది. కూలెంటే పోయించు.

హెడ్ ఎత్తాల్సి వస్తే లేత్‌లో సమతలం చూపించి అడుగు చదునయ్యేలా ఫేసింగ్ చేయించు. బోల్టులు మధ్యనుంచి బయటికి, బిగింపు కొలిచే టార్క్ రెంచితోనే బిగించాలి, మేస్త్రీ ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే. రిపేరయ్యాక కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి కాసేపు ఆడించి, ఆ ఆయిల్ కూడా పారబోసి మళ్ళీ వేయండి. డబ్బు చూసి ఆగకు.

లైనర్లు పీకే ముందు నాకు ఫోన్ చెయ్యి. బేరింగు షెల్స్ ఫోటోలు తప్పకుండా పంపు.

మీ మామయ్య