బెల్టు కొనేముందు ఒకసారి నా మాట వినరా చిన్నా

ఒరేయ్ చిన్నా,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి "వదినా, వాడు కుక్కపిల్లని తెచ్చుకుంటాడట, నువ్వన్నా చెప్పు" అంది. వద్దని చెప్పమందో, ఎట్లా పెంచాలో చెప్పమందో నాకైతే అర్థం కాలే. ఫోన్ పెట్టేశాక కాసేపు నవ్వుకున్నా. చిన్నప్పుడు మా వీధి చివర కుక్క కనపడితే నా చీర కుచ్చిళ్ళ వెనక దాక్కున్నవాడివి నువ్వేనా అని. అందులోనూ వేలకి వేలు పోసి ఆ మంచు దేశం కుక్కని కొని ఎండాకాలం ఏసీలో పడేయకుండా, మన వీధి కుక్కపిల్లనే తెచ్చుకుంటున్నావని విన్నాక నిజంగా గర్వంగా అనిపించిందిరా. మీ మావయ్యకి చెప్తే ఆయన కూడా పేపర్ పక్కన పెట్టి విన్నాడు.

నువ్వు కొనాలనుకున్న లిస్టు కూడా మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. 22 ఐటమ్స్! కుక్కకి సెంటు ఎందుకురా? రెయిన్ కోటు, బూట్లు, పుట్టినరోజు టోపీ... పిల్ల ఇంకా ఇంటికే రాలేదు, అప్పుడే టోపీయా. సగం కొట్టేయి. స్టీలు గిన్నెలు రెండు, ఒకటి నీళ్ళకి, ఒకటి తిండికి, అడుగున రబ్బరు ఉన్నవి చూసుకో, లేదంటే మీ గ్రానైట్ నేల మీద గిన్నె జారుకుంటూ పోతుంటే అది వెనకాల పాక్కుంటూ పోతుంది. అది నడిచే చోట ఏదన్నా పాత చాప వెయ్యి, నున్నటి నేల మీద చిన్న పిల్లకి కాళ్ళు నిలవవు. పాత న్యూస్‌పేపర్లు దాచిపెట్టు. చార్జర్ వైర్లన్నీ పైకి కట్టెయ్. మీది నాలుగో అంతస్తు కదా, బాల్కనీ గ్రిల్ సందులోంచి దాని తల పడుతుందేమో చూడు, తల పట్టిందంటే ఒళ్ళంతా పట్టినట్టే, ఆ రోజే జాలీ కొట్టించు. పరుపు మాత్రం కొనకు, మొదటి నెలలోనే దూదంతా పీకి హాలంతా పరుస్తుంది. నా పాత నేత చీరలు మూడు కలిపి బొంత కుట్టా, అది చాలు.

టీకాల సంగతి నీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తా. కార్డు లేకుండా పిల్లని తీసుకోవద్దు. 6 నుంచి 8 వారాల మధ్య మొదటి టీకా, అక్కణ్ణించి మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు దాటేదాకా. మూడు నెలలు నిండాక రేబిస్‌ది. ఆ కోర్సు అయ్యేదాకా వేరే కుక్కలు తిరిగే చోట కింద దించొద్దు, పార్వో అనే వైరస్ జబ్బు పట్టిందంటే రెండు మూడు రోజుల్లో వాంతులు, నెత్తురు విరేచనాలతో పిల్ల చేతిలోంచి పోతుంది. ఇక్కడ మా పశువుల ఆసుపత్రిలో ఏటా జులై 6న రేబిస్ టీకా ఫ్రీగా వేస్తారు, పాశ్చర్ అనే శాస్త్రవేత్త 1885లో మొదటిసారి ఆ టీకా ఒక పిల్లాడికి వేయించింది ఆ రోజేనట. మీ దగ్గర జీహెచ్ఎంసీ లైసెన్సు కూడా తీసుకోవాలి, బద్ధకించకు.

తిండి విషయంలో కోడలు పిల్లకి చెప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూరలు వద్దు, చాక్లెట్ వద్దు, ద్రాక్ష, కిస్‌మిస్ అసలు వద్దు, పాయసం గిన్నె నాకనివ్వకండి. కోడి ఎముక ఉడికిందైతే చీలికలు చీలికలుగా విరిగి పేగులో గుచ్చుకుంటుంది. ఒళ్ళు వేడిగా ఉందని మన జ్వరం బిళ్ళ విరిచి వెయ్యొద్దు, డాక్టర్ని అడక్కుండా ఏదీ వెయ్యొద్దు. మీరు టిక్స్ అంటారే, మేం గోమార్లు అంటాం, చెవుల లోపల, వేళ్ళ సందుల్లో రోజూ వెతకాలి.

ఇక బెల్టు. నీ లిస్టులో పదిహేడో నంబర్లో రాశావు, "క్యూట్ కాలర్ విత్ బెల్" అని. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించట్లేదురా.

మా కుక్క పండుగాడికి అప్పుడు జరిగింది నీకు గుర్తుండదు, నువ్వు అప్పుడు పాకే వయసు. తెల్లగా దూదిపింజలాగా ఉండేవాడు. ఆ రోజుల్లో అందరూ పమేరియన్ అనేవాళ్ళు, అసలు పేరు ఇండియన్ స్పిట్జ్ అని తర్వాత తెలిసింది. 45 రోజుల పిల్లప్పుడు తెచ్చాం. తెచ్చిన సాయంత్రమే నేను బజారుకెళ్ళి ఎర్ర బెల్టు కొన్నా, దానికో చిన్న మువ్వ. వాడు ఇంట్లో ఏ మూల ఉన్నా మువ్వ చప్పుడు వినపడేది, వంటింట్లో నుంచే చెప్పేదాన్ని ఇప్పుడు మంచం కింద ఉన్నాడు, ఇప్పుడు పెరట్లో ఉన్నాడు అని. ఆ ఏడాది ఇంట్లో పెళ్ళి పనులు, మీ బామ్మకి కళ్ళ ఆపరేషన్, నేను ఇటూ అటూ తిరగడం. మధ్యలో మువ్వ చప్పుడు ఆగిపోయింది. తుప్పు పట్టిందనుకున్నా. బొచ్చు ఒత్తుగా వచ్చి బెల్టే కనపడేది కాదు, నేను కూడా వెతకలా.

తర్వాత వాసన మొదలైంది. ఏ చచ్చిన ఎలుక మీదో పొర్లాడొచ్చాడనుకుని సబ్బు పెట్టి రుద్ది స్నానం చేయించా. మెడ దగ్గరికి చెయ్యి పోగానే కేర్‌మని అరిచి నా మణికట్టు పట్టుకున్నాడు. ఇన్నాళ్ళు ఎప్పుడూ కరవని కుక్క. నేనేం చేశానో తెలుసా, కొట్టా. స్నానాల గదిలో తడి గుడ్డతో రెండు దెబ్బలు వేసి, అన్నం పెట్టేవాళ్ళనే కరుస్తావా అని తిట్టి బయట కట్టేశా. ఏ బెల్టుకి కట్టానో అర్థమైందా నీకు?

మర్నాడు మీ మావయ్య పశువుల ఆసుపత్రి కాంపౌండర్ని తీసుకొచ్చాడు. ఆయన కత్తెరతో మెడ చుట్టూ బొచ్చు కత్తిరిస్తుంటే నేను వాడి తల పట్టుకుని కూర్చున్నా. బెల్టు లేదక్కడ. చర్మం దాని మీదకి పెరిగి కప్పేసింది. పిల్లప్పటి బెల్టు, మెడ పెరిగింది, అది పెరగలా, అంతే. ఒకచోట మాత్రం ఇంత ఎర్ర ముక్క బయటికి కనపడుతోంది, దాని పక్కన మువ్వ, దాని నిండా చీము, కింద తెల్లటి పురుగులు కదులుతున్నయ్. టర్పెంటైన్ చుక్కలు వేసి పురుగులు తీశాడు, బ్లేడుతో కోసి ముక్కలు ముక్కలుగా లాగాడు. నేను మొదటి ముక్క దాకా చూశా, తర్వాత కళ్ళు మూసుకున్నా కానీ తల మాత్రం వదల్లేదు.

ఇంకో మాట చెప్తా, ఇది మీ మావయ్యకి తప్ప ఎవరికీ చెప్పలా. ఆ బెల్టు సంగతి బయటపడకముందు, ఆ వారంలోనే నేను మీ ఇంటికొచ్చి నిన్ను ఒళ్ళో వేసుకుని, నడుం మీద మొలతాడు గీత పడిందని మీ అమ్మని నిలబెట్టి కడిగేశా. "బిడ్డ పెరుగుతాడని తెలీదా, నెలనెలా వదులు చెయ్యొద్దా" అని. మీ అమ్మ ఏడ్చింది కూడా. నేనే కొత్త దారం తెచ్చి కట్టి, కింద వేలు పెట్టి చూసి మరీ వెళ్ళా. ఇంటికొచ్చేసరికి పండుగాడు గుమ్మం దగ్గర తల వాల్చుకుని పడుకుని ఉన్నాడు, వీడికీ బద్ధకం ఎక్కువైంది అనుకుంటూ దాటుకుని లోపలికి పోయా.

బతికాడులే, ఇంకో పదకొండేళ్ళు బతికాడు. మెడ చుట్టూ ఉంగరంలాగా బొచ్చు మొలవని గీత ఉండిపోయింది. మళ్ళీ మెడకి ఏదీ కట్టనివ్వలా, మేమూ కట్టలా. బయటికి తిప్పాలంటే నా పాత చీర అంచు చించి ఛాతీ చుట్టూ, ముందుకాళ్ళ కింద నుంచి కట్టి పట్టుకునేదాన్ని, వీధిలో వాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడు దాన్నే హార్నెస్ అని ఎనిమిది వందలకి అమ్ముతున్నారు. కొను, అది మంచిదే, కానీ అది కూడా బిగుస్తుంది, చంకల కింద ఒరుసుకుంటుంది.

కాబట్టి విను. బెల్టు మెత్తటి గుడ్డది, సైజు మార్చుకునేది తీసుకో. దాని మీద నీ ఫోన్ నంబర్ రాయించు, ఊరు కాని ఊర్లో తప్పిపోతే అదే దిక్కు. దాని కింద నీ రెండు వేళ్ళు సులువుగా పోవాలి, మూడో వేలు కూడా పోతుంటే తల జారి పారిపోతుంది. పెరగడం ఆగేదాకా ప్రతి ఆదివారం చూడు. రాత్రి పడుకునేటప్పుడు తీసెయ్. బొచ్చు పైనుంచి చూసి బాగానే ఉందిలే అనుకోకు, వేలు పెట్టాలి. మువ్వ నీ ఇష్టం. కట్టినా దాని మీద మాత్రం నమ్మకం పెట్టుకోకు.

నువ్వు నవ్వుకుంటావ్, అత్తకి చాదస్తం అని. నవ్వుకో. ప్రతి ఆదివారం బెల్టు కింద రెండు వేళ్ళు పెట్టి ఫొటో తీసి నాకు పంపాలి, నేను టిఫిన్ చేసేలోపు రావాలి. రాకపోతే ఫోన్ చేస్తా, ఫోన్ ఎత్తకపోతే కోడలికి చేస్తా, అదీ ఎత్తకపోతే రాత్రి బస్సెక్కుతా.

బొంత నిన్న ఆర్టీసీ కార్గోలో వేశా. రెండుసార్లు ఉతికే పంపా, నువ్వు మళ్ళీ ఆ వాసనొచ్చే లిక్విడ్‌లో నానబెట్టకు. పిల్లకి ఏం పేరు పెట్టారో మీ అమ్మ చెప్పలేదు. మీ ఇష్టంరా, పండు అని మాత్రం పెట్టకండి.

మీ అత్త