బ్రాడీపేట బజ్జీ బండ్లు, పూడిపోయే కాలువ: సమాధానం

బజ్జీ బండ్ల చెత్తతో మీ వీధి కాలువ పూడిపోతోందని, నాలుగు బండ్లూ తీయించాలని మీ అసోసియేషన్ అడుగుతోందని రాశారు. కాలువ పూడడానికి అసలు కారణం వేళల తేడా అయి ఉంటుంది. చెత్త బండి పొద్దున వస్తుంది, మిర్చి బజ్జీల బండ్లు రాత్రి పదింటికి సర్దుకుంటాయి. అప్పుడు చెత్త ఎవరికివ్వాలి? ఈ నాలుగు బండ్లూ తీయించినా, వేరే నాలుగు వస్తాయి.

1. మూత ఉన్న డ్రమ్ములు రెండు కొనండి, తడికొకటి, పొడికొకటి. రాత్రికి బండివాళ్లని వాటిని మీ గేటు లోపల పెట్టుకోనివ్వండి. పొద్దున వాచ్‌మన్ ఆ చెత్త బండికి ఇచ్చేస్తాడు.

2. అందరూ మరిచిపోయేది కడిగిన నీళ్లు. శనగపిండి ముద్ద, ఉల్లిపాయ ముక్కలు, మాడిన నూనె కలిసి కాలువ గోడకి జిగురులా పట్టేస్తాయి. అందుకే మూకుడుని ముందు పాత పేపరుతో తుడవాలి. తర్వాతే కడగాలి, ఆ నీళ్లు జల్లెడలోంచి వంచాలి. మిగిలిన నూనె డబ్బాలోకే, కాలువలోకి చుక్క కూడా వద్దు. చెప్పి వదిలేయకండి. మా వీధి బజ్జీల అక్క పక్కన నిలబడి ఒక్కసారి చేసి చూపించాం, మర్నాటి నుంచి తనే చేసుకుంటోంది.

3. 120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. కాగితం కవర్లు నలుగురికీ కలిపి కొనిపించండి. న్యూస్‌పేపర్ మాత్రం వద్దు, సిరా బజ్జీకి అంటుతుంది.

4. దారికి అడ్డమై బండ్లు జరపాల్సే వస్తే, 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం నగరపాలక సంస్థ 30 రోజుల ముందు వాళ్లకి నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారాల విషయాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, అర్జీ అక్కడికి పెట్టండి. బండివాళ్లతో కలిసి సంతకాలు చేస్తే ఇంకా మంచిది.