చలి బిల్లులు, సలహా గ్రాంట్లు: పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల బ్రిటన్‌లో ఉంటున్న పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కరెంటు, గ్యాస్ బిల్లుల గురించే. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది రిజిస్టరైన చారిటీ. ఉగాది, బతుకమ్మ, పిల్లల తెలుగు బడి నడుపుతుంటాం. మా ఊరికి కేర్ వర్కర్లుగా, విద్యార్థులుగా వచ్చినవాళ్ళలో చాలామంది బిల్లుకు భయపడి హీటింగ్ వేసుకోవడం లేదు. వీళ్ళకు సలహా ఇచ్చే పనికి గ్రాంటు దొరుకుతుందట, నిజమేనా? – సంఘం కార్యదర్శి, మిడ్‌లాండ్స్

నిజమే. పెద్ద దారి ఎనర్జీ రీడ్రెస్ స్కీమ్. నిబంధనలు మీరిన కరెంటు, గ్యాస్ కంపెనీలు కట్టే సొమ్మును కరెంటు, గ్యాస్ నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ తరఫున ఎనర్జీ సేవింగ్ ట్రస్ట్ 2018 నుంచి చారిటీలకు పంచుతోంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ వరకే. నార్తర్న్ ఐర్లండ్‌కు వర్తించదు. ఇది పన్నుల డబ్బు కాదు. రౌండ్లవారీగా దరఖాస్తులు తీసుకుంటారు. ముందు సంస్థగా నమోదై, వాళ్ళ తనిఖీ దాటితేనే దరఖాస్తు ఫారం తెరుచుకుంటుంది. రౌండు ప్రకటించాక నమోదు మొదలుపెట్టిన సంఘాలు చాలాసార్లు గడువు తప్పిపోతాయి. ఇవాళ గ్రాంటు ఆలోచన లేకపోయినా నమోదు మాత్రం చేసి పెట్టుకోండి.

అంతకంటే ముందు మీ నియమావళి తీసి ‘ఆశయాలు’ అన్న పేరా చదవండి. అందులో తెలుగు భాష, సంస్కృతి అని మాత్రమే ఉంటే బిల్లుల సలహా మీ ఆశయాల పరిధిలోకి రాదు. ట్రస్టీలు దానిమీద డబ్బు ఖర్చు పెట్టకూడదు. పేదరిక నివారణ లాంటి మాట చేర్చాలి. ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో ఆశయాలు మార్చాలంటే చారిటీ కమిషన్ అనుమతి కావాలి. దానికి పట్టే సమయం కూడా లెక్కలో పెట్టుకోండి.

ఇక మా అభిప్రాయం కుండబద్దలు కొట్టి చెబుతాం. మొదటిసారి ఒంటరిగా అడగకండి. మీ ప్రాంతంలో ఇప్పటికే ఈ పని చేస్తున్న ఎనర్జీ చారిటీయో, ఉచితంగా సలహా ఇచ్చే సిటిజెన్స్ అడ్వైస్ సంస్థ శాఖో ఉంటుంది. వాళ్ళను ముందు నిలబెట్టి మీరు భాగస్వాములుగా చేరండి. వాళ్ళకు శిక్షణ పొందిన సలహాదారులున్నారు, కంపెనీలతో మాట్లాడే అనుభవం ఉంది. తెలుగువాళ్ళ ఇంటి తలుపు తీయించడం మాత్రం వాళ్ళ వల్ల కాదు, అది మీకే చేతనవును. సగం రోజులు పనిచేసే ఒక తెలుగు సలహాదారు, గుడిలోనో తెలుగు బడిలోనో నెలకు రెండు శిబిరాలు. మొదటి ఏడాదికి ఇది చాలు.

‘తెలుగువాళ్ళకే’ అని రాస్తే దరఖాస్తు బలహీనపడుతుంది. ‘ఇంగ్లిష్‌లో బిల్లు చదువుకోలేక, కంపెనీకి ఫోన్ చేయలేక ఇబ్బంది పడే కుటుంబాలు, సేవ తెలుగులోనూ దొరుకుతుంది’ అని రాస్తే అదే పని, మెరుగైన కారణంతో.

ప్రశ్న: బిల్లుల సలహా గ్రాంటుకు మేం పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చింది. ఒక సలహాదారుతో ఏడాదిలో వెయ్యి ఇళ్ళు చూస్తామని, జీతానికి 28,000 పౌండ్లని రాశాం. తప్పెక్కడ? – స్లౌ

రెండు అంకెలూ తప్పే.

జీతం 28,000 అయితే యజమానికి పడే ఖర్చు అంతకంటే ఎక్కువ. 2025 ఏప్రిల్ నుంచి యజమాని నేషనల్ ఇన్సూరెన్స్ 5,000 పౌండ్లు దాటిన జీతం మీద 15 శాతం, అంటే 3,450. పెన్షన్ కనీసం 3 శాతం, 6,240 దాటిన మొత్తం మీద, అంటే సుమారు 653. మొత్తం 32,100 దాటింది. ఎంప్లాయ్‌మెంట్ అలవెన్సుకు (యజమాని కట్టే ఇన్సూరెన్సులో ఇచ్చే రాయితీ) అర్హత ఉంటే ఇన్సూరెన్సు భారం పోతుంది, కానీ ఆ సంగతి బడ్జెట్‌లో రాసి చూపించాలి. వీటిపైన శిక్షణ, డీబీఎస్ (నేర చరిత్ర తనిఖీ), ఫోన్, మైలుకు 45 పెన్నీల చొప్పున కారు ఖర్చు, పర్యవేక్షించే మేనేజరు గంటలు, ఆఫీసు అద్దెలో వాటా. ఇవేవీ రాయకపోతే పొదుపరులనుకోరు, లెక్క తెలియదనుకుంటారు.

ఇప్పుడు వెయ్యి ఇళ్ళ సంగతి. ఒక ఇంటికి వెళ్ళి సరిగ్గా చూస్తే గంటన్నర పడుతుంది. ప్రయాణం ఇంకో గంట. తర్వాత కంపెనీకి ఫోన్లు, ఫారాలు, నెల పోయాక మళ్ళీ పలకరింపు. వారానికి మూడు రోజులు ఇళ్ళకు, రోజుకు రెండు చొప్పున తిరిగి, మిగతా రెండు రోజులు ఫోన్ల మీద కూర్చుంటే వారానికి ఆరిళ్ళు. సెలవులు పోగా 44 వారాలకు 264. వెయ్యి అని చూడగానే కరపత్రాలు పంచి ‘సలహా’ అని లెక్కేస్తారని పరిశీలకులకు తెలిసిపోతుంది. ఇంటి సందర్శనలు, ఫోన్ సలహాలు, శిబిరానికి వచ్చినవాళ్ళు – మూడింటినీ విడివిడిగా చూపండి.

ఆదా అయిన డబ్బునూ అలాగే రెండుగా రాయండి. మాఫీ అయిన బాకీ, చలికాలం బిల్లులో తగ్గించే 150 పౌండ్ల వార్మ్ హోమ్ డిస్కౌంటు లాంటివి కాగితం మీద రుజువున్న డబ్బు. ‘థర్మోస్టాట్ తగ్గించడం వల్ల ఆదా’ అనేది అంచనా. రెండూ కలిపి ఒకే పెద్ద అంకెగా వేస్తే ఏదీ నమ్మరు.

సలహాదారు చదువు: సిటీ అండ్ గిల్డ్స్ వాళ్ళ ఎనర్జీ అవేర్‌నెస్ లెవెల్ 3 ఈ రంగంలో అందరూ అడిగేది. న్యూకాజిల్ కేంద్రంగా ఉన్న నేషనల్ ఎనర్జీ యాక్షన్ ఈ కోర్సు నడుపుతుంది. క్రెడిట్ కార్డులు, లోన్ల అప్పుల్లోకి దిగితే ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ అనుమతి కావాలి. కరెంటు బాకీ దగ్గరే ఆగి, మిగతాది సిటిజెన్స్ అడ్వైస్‌కో, అప్పుల సలహా చారిటీ స్టెప్‌చేంజ్‌కో అప్పగించండి.

ప్రశ్న: వీసా మీద ‘నో పబ్లిక్ ఫండ్స్’ అని ఉంది. ప్రీపెయిడ్ మీటరులో వేసుకోవడానికి చారిటీ ఇచ్చే వోచరు తీసుకుంటే వీసాకు ముప్పా? ఇద్దరు పిల్లలు, చిన్నదానికి మూడేళ్ళు. – కేర్ వర్కర్, యార్క్‌షైర్

అమ్మా, చారిటీ వోచరు తీసుకోండి. హోమ్ ఆఫీసు దృష్టిలో పబ్లిక్ ఫండ్స్ అంటే జాబితాలో పేరుపేరునా రాసిన బెనిఫిట్లు: యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, హౌసింగ్ బెనిఫిట్ వగైరా. చారిటీ సాయం అందులో లేదు. ఫ్యూయల్ బ్యాంక్ ఫౌండేషన్ లాంటి సంస్థల వోచర్లు, కంపెనీలు తమ ఖాతాదారులకిచ్చే సాయం, బాకీకి వాయిదాలు – ఇవన్నీ అడగవచ్చు.

వార్మ్ హోమ్ డిస్కౌంటు మాత్రం బెనిఫిట్లు తీసుకునేవాళ్ళకే ముడిపెట్టారు కాబట్టి మీకు రాదు. కౌన్సిళ్ళు ఇచ్చే అత్యవసర సాయంలో కొన్ని ఆ జాబితాలోకి వస్తాయి. సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ సలహాదారును అడగండి. సంఘం పెద్దలను ఈ ఒక్క విషయంలో అడగకండి. రిజిస్టరు కాకుండా ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడం ఇక్కడ నేరం, మంచి మనసుతో చెప్పినా సరే.

మూడేళ్ళ పాప ఉంది కాబట్టి ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టర్‌లో (కరెంటు పోయినప్పుడూ, ఇతర ఇబ్బందుల్లోనూ ముందుగా సాయం అందాల్సినవాళ్ళ జాబితా) ఇవాళే పేరు రాయించుకోండి. ఐదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, పెన్షన్ వయసు దాటినవాళ్ళు, జబ్బు ఉన్నవాళ్ళు, ఇంగ్లిష్ సరిగా రానివాళ్ళు అందరూ అర్హులే. వీసాతో పని లేదు, ఉచితం. మీకు బిల్లు పంపే కంపెనీ దగ్గర, మీ ప్రాంతపు కరెంటు నెట్‌వర్క్ దగ్గర, రెండుచోట్లా ఉందో లేదో అడగండి. 105కు ఫోన్ చేస్తే నెట్‌వర్క్ వస్తుంది. కంపెనీ మారినప్పుడు మళ్ళీ చెప్పాలి.

ప్రశ్న: కొత్తగా అద్దెకు దిగాం. ప్రీపెయిడ్ మీటర్లు. గ్యాసుకు 20 పౌండ్లు వేస్తే 12 మిగులుతున్నాయి. మీటరు పాడైందా? – నలుగురు విద్యార్థులు, హాట్‌ఫీల్డ్

మీటరు బాగానే ఉండి ఉంటుంది. ముందు ఖాళీ చేసినవాళ్ళ బాకీ మీరు తీరుస్తూ ఉండవచ్చు. ఇంట్లో దొరికిన కరెంటు మీటరు పాత కీ, గ్యాస్ మీటరు పాత కార్డు వాడితే వాటిలో ఉన్న వాయిదా మీ టాప్-అప్ నుంచి కోసుకుంటుంది. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి, దిగిన తేదీ చెప్పి, అద్దె ఒప్పందం పంపి, మీ పేరున కొత్త కార్డు తెప్పించుకోండి. కోసిన డబ్బు తిరిగి అడగండి. ఇల్లు మారిన రోజే మీటరు అంకె, మీటరు నంబరు కనిపించేలా ఫొటో తీసి ఉంటే ఈ వాదన ఐదు నిమిషాల్లో తేలుతుంది. ఫిర్యాదు ఎనిమిది వారాల్లో తేలకపోతే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళవచ్చు, ఖర్చు లేదు.

రెండో కారణం కూడా ఉండవచ్చు. మన దగ్గర తక్కువ వాడితే తక్కువ స్లాబు. ఇక్కడ వాడినా వాడకపోయినా రోజువారీ స్టాండింగ్ చార్జి ఉంటుంది. ఎండాకాలం ఐదు నెలలు గ్యాస్ కార్డు వేయకుండా వదిలేస్తే, రోజుకు 30 పెన్నీల లెక్కన 45 పౌండ్లు పేరుకుంటాయి. అక్టోబరులో వేసిన మొదటి టాప్-అప్‌ను అదే మింగుతుంది. వేసవిలో నెలకు పది పౌండ్లయినా వేస్తూ ఉండండి.

డబ్బు అయిపోయి మీటరు ఆగిపోతే ఎమర్జెన్సీ క్రెడిట్ (మీటరులో అప్పుగా దొరికే కొద్ది డబ్బు) వాడుకోండి. అదీ అయిపోతే కంపెనీకి ఫోన్ చేసి, ఇబ్బందిలో ఉన్నవాళ్ళకు అప్పుగా వేసే ‘అడిషనల్ సపోర్ట్ క్రెడిట్’ అని పేరు పెట్టి అడగండి. పేరు పెట్టి అడిగితేనే ఫోన్లో ఉన్నవాళ్ళు త్వరగా కదులుతారు.

ప్రశ్న: సలహాదారు ఇంటికి వచ్చి ఏం చేస్తారు? ‘లైట్లు ఆర్పండి’ అని చెప్పడానికి గ్రాంటు ఎందుకు? – రెడింగ్

అంతే చెప్పేవాళ్ళయితే ఎందుకూ అక్కర్లేదు. పని తెలిసినవాళ్ళు ముందు బిల్లు చూస్తారు. రీడింగ్ పక్కన అంచనా అని ఉందా, నిజంగా చదివిందా? అంచనా అయితే అక్కడికక్కడే మీటరు చదివి పంపిస్తారు. కంపెనీ తన తప్పువల్ల బిల్లు వేయక, ఏడాది దాటిన వాడకానికి ఇప్పుడు డబ్బు అడుగుతుంటే అది చెల్లదు. వాదించి తీయించాలి. ఇంటివాళ్ళు సంతకం చేసిన అధికార పత్రం లేకపోతే కంపెనీ సలహాదారుతో మాట్లాడదు. అందుకే పత్రం మొదటి పది నిమిషాల్లోనే తీసుకోవాలి, లేదా ఇంటివాళ్ళను పక్కన కూర్చోబెట్టి స్పీకర్ ఫోన్లో చేయాలి.

తర్వాత ఇల్లు. మనవాళ్ళ ఇళ్ళలో తరచూ కనిపించేది ఇది: బాయిలర్ బిల్లుకు భయపడి దాన్ని ఆపేసి, గదికో ఫ్యాన్ హీటర్ పెట్టుకుంటారు. 2 కిలోవాట్ల హీటరు రోజుకు ఐదు గంటలు వాడితే 10 యూనిట్లు. యూనిట్ 26 పెన్నీలనుకుంటే 2 పౌండ్ల 60 పెన్నీలు, నెలకు 78 పౌండ్లు, అదీ ఒక్క గదికి. అంతే వేడి గ్యాస్ బాయిలర్ నుంచి రావాలంటే సుమారు పదకొండున్నర యూనిట్ల గ్యాస్, 6 పెన్నీల లెక్కన 70 పెన్నీలు. వాడని గదుల్లో రేడియేటర్ వాల్వును మంచు గుర్తు దగ్గర పెట్టి, వాడే గదిలో 3 మీద ఉంచితే బాయిలరే చవక. మనిషి ఒక్కరే కూర్చుని ఉంటే 100 వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటి గంటకు రెండున్నర పెన్నీలే.

కాంబి బాయిలర్ (వేడినీళ్ళ ట్యాంకు లేనిది) అయితే రేడియేటర్లకు వెళ్ళే నీటి వేడి చాలాచోట్ల 75-80 డిగ్రీల మీద ఉంటుంది. 60కి దించితే గ్యాస్ తగ్గుతుంది. వేడినీళ్ళ ట్యాంకు ఉన్న ఇంట్లో మాత్రం ట్యాంకు నీరు 60 కంటే తగ్గకూడదు, లెజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు రోజంతా ఇంట్లోనే ఉంటే, వాళ్ళుండే గది వేడి 18 డిగ్రీల కంటే తగ్గుతోందేమో ముందు చూడాలి. తగ్గుతుంటే ఆదా మాట తర్వాత.

గోడల మీద నల్ల బూజుకు కారణం చాలాసార్లు వంటింట్లోనే ఉంటుంది. కుక్కరు ఆవిరి, లోపల ఆరేసిన బట్టలు, పైగా చప్పుడు చేస్తోందని తలుపు పైనున్న చిన్న స్విచ్చుతో ఆపేసిన ఎగ్జాస్ట్ ఫ్యాను. స్విచ్చు మళ్ళీ వేయాలి, కిటికీ పైనున్న గాలి సందులకు అంటించిన టేపు తీసేయాలి, బట్టలు ఒకే గదిలో తలుపు మూసి కిటికీ కొంచెం తెరిచి ఆరేయాలి. తేమ మీటరు 60 శాతం దాటకుండా ఉండాలి. గ్యాస్ ఉన్న ఇంటికి కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా చూడాలి.

నాలుగైదు వారాలకు మళ్ళీ ఫోన్ చేయని సలహాకు విలువ సగమే. ఒప్పుకున్న వాయిదా కంపెనీ నిజంగా మార్చిందో లేదో అప్పుడే తెలుస్తుంది. గ్రాంటు డబ్బు ముఖ్యంగా ఈ రెండో ఫోన్ కోసం, దాన్ని చేయగల మనిషి జీతం కోసం.

ప్రశ్న: మా ఫ్లాట్‌లో గ్యాస్ లేదు. గోడకు బరువైన హీటర్లున్నాయి, వాటిమీద ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు గుండీలు. రాత్రంతా వేడి, సాయంత్రానికి చల్లారిపోతాయి. – గ్లాస్గో

అవి స్టోరేజ్ హీటర్లు. లోపలి ఇటుకలు రాత్రి చవక కరెంటుతో వేడెక్కి పగలు వదులుతాయి. ఇన్‌పుట్ అంటే రాత్రి ఎంత నింపాలి, అవుట్‌పుట్ అంటే ఎంత త్వరగా వదలాలి. రెండూ ఎక్కువ మీద పెట్టడం వల్లే మీకలా అవుతోంది. పడుకునేముందు అవుట్‌పుట్‌ను పూర్తిగా తగ్గించండి, సాయంత్రం ఇంటికి వచ్చాక పెంచండి. చలి ముదిరితే ఇన్‌పుట్ పెంచండి.

ముందు బిల్లులో రెండు రేట్లున్నాయా చూడండి. ఒకే రేటుంటే ఈ హీటర్లు వాడటం దండగ, రాత్రి ఏడు గంటలు చవక రేటు ఉండే ఎకానమీ 7 లాంటి టారిఫ్‌కు మారాలి. మీటరు పక్కన రేడియో టెలిస్విచ్ అని రాసిన పెట్టె (రేడియో సంకేతంతో రాత్రి, పగలు రేట్లు మార్చేది) ఉంటే వెంటనే కంపెనీకి చెప్పి స్మార్ట్ మీటరు పెట్టించుకోండి. ఆ రేడియో సంకేతాన్ని 2025 జూన్ 30 నుంచి ప్రాంతాలవారీగా ఆపేస్తూ వచ్చారు. సంకేతం పోయాక హీటరు రాత్రికి బదులు ఖరీదైన వేళల్లో నిండవచ్చు, అసలు నిండకపోనూవచ్చు. వేడినీళ్ళ ట్యాంకుకు ‘బూస్ట్’ అనే స్విచ్చు ఉంటే అది పగలు ఆన్‌లో ఉండిపోకుండా చూసుకోండి, 3 కిలోవాట్లు లాగుతుంది.