చిట్టికి, జాలీల గురించి

చిరంజీవి చిట్టికి మామయ్య ఆశీస్సులు.

ప్లాస్టిక్ రీసైక్లింగ్ యూనిట్ పెడుతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. మురిసిపోయి వీధిలో అందరికీ చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

షెడ్డు, కరెంటు, పొల్యూషన్ బోర్డు అనుమతులు నువ్వు చూసుకోగలవు. కడిగిన నీళ్లు కాలవలోకి వదలకు.

నా భయమంతా జాలీలతోనే. కరిగిన ప్లాస్టిక్‌ను వడకట్టే ఇనప జాలీ మడ్డితో ఊరికే పూడుకుపోతుంది. హైదరాబాదు కాటేదాన్ పారిశ్రామికవాడలో నేను పనిచేసిన చోట ఓనరు కొత్తవాటికి డబ్బు దండగని, పొద్దుగూకాక పాత జాలీలను షెడ్డు వెనక కుప్పపోసి తగలబెట్టించేవాడు. ప్లాస్టిక్ కాలిపోతే జాలీ మళ్లీ పనికొస్తుంది కదా! తుక్కులో పీవీసీ, అదే పైపుల ప్లాస్టిక్, ఉంటే ఆ పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, డయాక్సిన్లనే విషాలూ ఉంటాయి. ఆ పేర్లు అప్పుడు మాకు తెలియవు. కళ్లు మండేవి, గొంతు పట్టేసేది, అంతే. బస్తీవాళ్లు గొడవకొస్తే కొన్నాళ్లు ఆపి, తర్వాత అర్ధరాత్రికి మార్చాడు. షెడ్డు పేరు బోర్డు మీద పచ్చటి ఆకు బొమ్మ కూడా వేయించాడు మహానుభావుడు! చిన్నప్పుడు పిల్లికూతలతో పడుకోలేక నా భుజం మీదే తెల్లార్చినదానివి నువ్వు. నీ షెడ్డులో ఆ పొగ లేచిందా, నేనే వచ్చి తాళం వేస్తాను. జాలీ ఖర్చు కిలో ధరలో ముందే కలుపుకో. పీవీసీని ఏరేయడానికి తుక్కును నీళ్లలో వేయించు: పాలిథిన్ తేలుతుంది, పీవీసీ, పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) ముక్కలు మునుగుతాయి.

క్యారీబ్యాగులు చేస్తానన్నావట, ఎందుకే తల్లీ? 120 మైక్రాన్ల కంటే తక్కువ మందం ఉన్నవి 2022 డిసెంబరు 31 నుంచి ఎలాగూ నిషేధం. ముడిచమురు తీసి, దాన్నుంచి వచ్చే నాఫ్తా అనే ద్రవాన్ని 800 డిగ్రీల కొలిమిలో విడగొట్టి కొత్త దానా (ప్లాస్టిక్ గుళికలు) చేసేటప్పుడే వాతావరణానికి అసలు దెబ్బ తగులుతుంది. ఓఈసీడీ అనే దేశాల కూటమి లెక్కలో 2019 నాటి ప్రపంచ గ్రీన్‌హౌస్ వాయువుల్లో 3.4 శాతం ప్లాస్టిక్‌వి. వాటిలో 90 శాతం తయారీలో వచ్చినవే. నీ దానా కొన్నవాడు ఆ మేరకు కొత్త దానా కొనడం మానితేనే నీ కష్టానికి ఫలం. పూటకో సంచి పెంచితే ఏం లాభం? బకెట్లు, డస్ట్‌బిన్లు, తోట పైపులు చేసేవాళ్లను పట్టుకో. వాళ్లు బేరమాడి విసిగిస్తారు, ఓర్చుకో.

సెకండ్‌హ్యాండ్ మిషన్ చూశావట. ప్లాస్టిక్‌ను కరిగించి తోసే స్క్రూ, దాని చుట్టూ ఉండే బ్యారెల్ గొట్టం నేను విప్పించి చూసేదాకా అడ్వాన్సు ఇవ్వకు. పీవీసీ పడిన మిషనైతే లోపల ఆమ్లం తినేసి ఉంటుంది. ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను, అక్కను ఉలవచారు పెట్టమను.

మామయ్య