స్పినోజాను చదవబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

పదిహేడో శతాబ్దపు డచ్ తత్త్వవేత్త స్పినోజా రాసిన 'ఎథిక్స్' కొన్నావనీ, మొదటి పుటలోనే తల తిరిగిందనీ రాశావు. నాకూ అలాగే తిరిగింది. 8 నిర్వచనాలు, నిరూపణ అక్కర్లేని 7 స్వయంసిద్ధాలు, ఆ వెంట 36 ప్రతిపాదనలు. యూక్లిడ్ త్రిభుజాలను నిరూపించిన పద్ధతిలో దేవుణ్ణి నిరూపించిన ఆ మొదటి భాగాన్ని ఎం.ఏ. రోజుల్లో వరుసగా చదవబోయి, 11వ ప్రతిపాదన దగ్గర పుస్తకం మూసేసి, రెండేళ్ల దాకా మళ్లీ తెరవలేదు. నీవు ఆ దారిన వెళ్లవద్దు.

ముందుగా మొదటి భాగం చివర ఉన్న అనుబంధం చదువు. అక్కడ ఆయన గణితాన్ని పక్కన పెట్టి మామూలు మాటల్లో వాదిస్తాడు. ఇంటికప్పు మీది నుంచి రాయి పడి ఒక మనిషి చనిపోయాడనుకో. గాలి వీచింది, అతను ఆ దారిన పోతున్నాడు అని నీవు కారణం చెబితే, గాలి అప్పుడే ఎందుకు వీచింది, అతను అప్పుడే ఎందుకు పోయాడు అని అడుగుతూ, నీ చేత 'దైవేచ్ఛ' అనిపించేదాకా వదలనివారు కొందరుంటారు. ఆ దైవేచ్ఛను స్పినోజా అజ్ఞానం తలదాచుకునే చోటు అన్నాడు. మన ఇళ్లలో చావు వార్త వినగానే 'రాసిపెట్టి ఉంది' అంటాం కదా. జరిగినదంతా అనివార్యంగానే జరిగిందని ఆయనా అంటాడు, కానీ రాసినవాడు ఎవడూ లేడంటాడు. ఈ తేడా పట్టుబడితే మొదటి భాగం సగం లొంగినట్టే.

తరువాత మూడో భాగం చివర ఉన్న 48 భావాల నిర్వచనాలకు వెళ్లి, రోజుకు ఒకటి కన్నా ఎక్కువ చదవకు. ఆశ అంటే, ఎటు తేలుతుందో తెలియని సంగతిని తలచుకున్నప్పుడు కలిగే నిలకడలేని సంతోషమట; భయం అలాంటిదే అయిన దుఃఖమట; భయం లేని ఆశ గానీ, ఆశ లేని భయం గానీ ఉండవట. పరీక్షా ఫలితాల ముందురోజు రాత్రి నీవు ఎలా ఉన్నావో గుర్తు తెచ్చుకుని దీన్ని మళ్లీ చదువు.

ఆయన మాటలను నిఘంటువును బట్టి కాక, ఆయన నిర్వచనాలను బట్టే అర్థం చేసుకోవాలి. ఆ బిగుతు వెనుక ఆయన జీవితం ఉంది. 1656 జూలై 27న, 23 ఏళ్ల వయసులో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని పోర్చుగీసు యూదు సమాజం ఆయనను వెలివేసింది. ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు, నాలుగు మూరల దగ్గరకు పోకూడదు, ఆయన రాసింది చదవకూడదు. ఆ తరువాత కటకాలు (లెన్సులు) సానపట్టేవాడు. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆచార్య పదవి ఇస్తామంది. తత్త్వవిచారణకు స్వేచ్ఛ ఉంటుందని, అయితే స్థిరపడిన మతాన్ని కదిలించడానికి దాన్ని వాడరని నమ్ముతున్నామని రాసింది. ఆ స్వేచ్ఛ హద్దు ఎక్కడో తనకు తెలియదంటూ ఆయన మర్యాదగా కాదన్నాడు. ఆయన ముద్ర మీద ఉన్న లాటిన్ మాటకు అర్థం 'జాగ్రత్త'. నీ చేతిలోని పుస్తకం కూడా 1677 ఫిబ్రవరిలో ఆయన పోయాకే, మిత్రుల చేతుల మీదుగా, పూర్తి పేరు బదులు పొడి అక్షరాలతో అచ్చయింది.

ఇక, మన తెలుగువాళ్లం తొందరపడి చేసే పని ఒకటి ఉంది. ఉన్నది ఒకే ద్రవ్యం, అంటే దేని మీదా ఆధారపడకుండా తనంతట తానే ఉండే మూలవస్తువు, అని స్పినోజా అనగానే 'ఇది మన అద్వైతమే' అనేస్తాం. నేనూ అలాగే వ్యాసం రాస్తే, మా గురువుగారు అంచున ఎర్రసిరాతో 'జగత్తు మిథ్య అని ఈయన ఎక్కడ అన్నాడు?' అని రాశారు. ఎక్కడా అనలేదు. శంకరుల పరబ్రహ్మం నిర్గుణం. స్పినోజా దేవుడికి గుణాలు అనంతం, అందులో మనకు తెలిసినవి ఆలోచన, విస్తారం (చోటును ఆక్రమించి ఉండడం) అనే రెండే. అంటే ఈ చోటు, ఈ బల్ల, ఈ శరీరం కూడా దైవంలోనివే తప్ప భ్రమ కావు. పోలిక చూడవద్దని నేననను, రెండోసారి చదివేటప్పుడు చూడు.

ఆ 8 నిర్వచనాలను నీ చేతిరాతతో ఒక కాగితం మీద ఎత్తి రాసుకుని పుస్తకంలో పెట్టుకో. దేవుడంటే ఏమిటో చెప్పే ఆరో నిర్వచనం దగ్గర సందేహాలు తప్పకుండా వస్తాయి. వాటిని ఫోనులో అడగకుండా ఉత్తరంలో రాసి పంపు.

ఇట్లు,
మామయ్య